కొట్టంలోని బుల్లెట్ రోడ్డెక్కేదాకా: మొదటిసారి పాత బండి విప్పేవారికి

పాత మోటార్‌సైకిల్‌ను బాగుచేయాలన్న కోరిక మన ప్రాంతంలో చాలామందికి ఇంటి వెనకే పుడుతుంది. తాతగారో మేనమామో నడిపిన బండి పశువుల కొట్టంలోనో మేడమెట్ల కిందో ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. దాన్ని పాత ఇనుముకు వేయడానికి ఎవరికీ మనసొప్పదు, బాగుచేయించే తీరిక కూడా ఎవరికీ ఉండదు. నేను మొదట చేతపట్టిన బండి అటువంటిదే. తెనాలి దగ్గరి పల్లెలో మా మేనమామ 1984లో కొన్న బుల్లెట్ 350 అది, పదకొండేళ్లు కొట్టంలో నిలిచిపోయింది. ఆ బండితోనూ ఆ తరువాత చేసిన వాటితోనూ నేర్చుకున్నదాన్ని మొదటిసారి పానా పట్టబోయేవారికి పనికివచ్చే వరుసలో రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది: మొదటి బండిని తుప్పు కన్నా తొందరే ఎక్కువగా పాడుచేస్తుంది. బండి ముందు నడవాలి, తరువాత సరిగా ఆగాలి, మెరవడం ఆ రెండూ అయ్యాకే. ఈ వరుసను తారుమారు చేసినవారి బండ్లే సగం విప్పిన స్థితిలో గోనెసంచుల్లో మిగిలిపోవడం నేను ఎక్కువగా చూశాను.

మొదటి బండిగా ఏది మంచిదని అడిగినవారికి పోత ఇనుప సిలిండరు ఉన్న పాత బుల్లెట్ 350నే నేను సూచిస్తాను. యెజ్డీ రోడ్‌కింగ్, యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి టూ-స్ట్రోక్ బండ్లకు హెడ్డులో వాల్వులు ఉండవు కనుక చూడటానికి తేలికగా కనిపిస్తాయి. అయితే యెజ్డీలు తయారైన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది, ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. వాటి అసలు భాగాల కోసం వెతుకులాటే సగం పని అవుతుంది. బుల్లెట్ సంగతి వేరు. 1955లో మద్రాసులో మొదలైన ఆ ఇంజను 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ అనే మౌలిక కొలతలతో 2000 దశకం చివరిదాకా తయారవుతూనే వచ్చింది. అందువల్ల సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనూ దాని భాగాలు ఈనాటికీ దొరుకుతాయి, ఆ ఇంజను కట్టడం తెలిసిన పాత మేస్త్రీలు కూడా ప్రతి పట్టణంలో ఒకరిద్దరు ఉంటారు.

కాగితాలు ముందు

పానా కన్నా ముందు ఆర్‌సీ పుస్తకం చేతిలోకి తీసుకోండి. ఫ్రేము మీద స్టీరింగ్ మెడ దగ్గర కొట్టిన ఛాసిస్ నంబరును, ఇంజను కేసు మీద ఉన్న ఇంజను నంబరును డీజిలు గుడ్డతో తుడిచి, పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ రెండు అచ్చులూ పుస్తకంలోని అంకెలతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. సరిపోకపోతే ఎంత చవకగా ఇచ్చినా బయటి బండి కొనవద్దు. ఇంటి బండి అయితే ఎప్పుడో ఇంజను మార్చి ఉంటారు, ఆ మార్పు పుస్తకంలోకి ఎక్కిందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. 1989 జూలైకి ముందు రిజిస్టరైన, మూడక్షరాల పాత నంబరు ఉన్న బండ్లు చాలావరకు ఆన్‌లైన్ రికార్డుల్లో ఉండవు. వాటికి ముందుగా బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలను ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం, చేయించుకోవాలి, దానికి అసలు పుస్తకం తప్పనిసరి. యజమాని మరణించి ఉంటే వారసుల సంతకాల పని కూడా ఈ దశలోనే మొదలుపెట్టండి. ఈ పనికి పట్టే కాలం మన చేతిలో ఉండదు.

రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు, ఆపైన తనిఖీ జరిగాక 5 ఏళ్లకొకసారి పొడిగింపు అవుతుంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు కేంద్రం 2021 జూలైలో వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది; నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి, గడువు 10 ఏళ్లు ఉంటుంది. కానీ అటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. కనుక ఆదివారం పొద్దున్నే ఊరి చివరిదాకా నడుపుకోవాలని ఆశ ఉన్నవారు మామూలు పొడిగింపునే నిలుపుకోవడం మేలు. రంగు మార్చాలనుకున్నా అది ఆర్‌సీలో నమోదు కావాలని గుర్తుంచుకోండి.

విప్పకముందు చేయవలసినవి

ఇంటికి తెచ్చిన రోజే కిక్కు కొట్టాలని అందరికీ చేతులు ఉబలాటపడతాయి. కొట్టవద్దు. ఏళ్లుగా నిలిచిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు, బలవంతంగా తిప్పితే రింగు విరిగి గోడను గీస్తుంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో అర గ్లాసు డీజిలు, నాలుగు చెంచాల ఇంజను ఆయిలు కలిపి పోసి, గుడ్డ ముక్కతో మూసి వదిలేయండి. రోజు మార్చి రోజు కొద్దికొద్దిగా పోస్తూ వారం ఆగండి. ఆ తరువాత బండిని స్టాండు మీద నిలిపి టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. మా బండికి తొమ్మిది రోజులు పట్టింది; పదో రోజు పొద్దున చక్రం వేలెడంత కదిలి, లోపల చిన్న టప్‌మన్న శబ్దంతో పిస్టన్ వదులైంది. అప్పుడు కూడా కిక్కు జోలికి పోకుండా చక్రంతోనే పదిసార్లు తిప్పాను.

ఇక్కడే ఇంకొక చిన్న సంగతి చెప్పాలి. మన పల్లెల్లో నిలిచిన బండికి తుప్పుతో పాటు కుమ్మరి పురుగు కూడా శత్రువే. ఎక్కడ చిటికెనవేలు పట్టే రంధ్రం దొరికినా అది మట్టి తెచ్చి గూడు కడుతుంది. మా బుల్లెట్‌కు సైలెన్సరు చివర, కార్బొరేటరు నోట్లో, చివరకు ట్యాంకు మూతలోని గాలి రంధ్రంలో కూడా దాని మట్టి ఎండి సిమెంటులా గట్టిపడి ఉంది. మూతలోని ఆ సన్నని రంధ్రం మూసుకుపోతే బండి స్టార్టయి రెండు కిలోమీటర్లు పోయి ఆగుతుంది, ఎందుకు ఆగిందో ఎంత వెతికినా తెలియదు. సన్నని తీగతో ఆ రంధ్రాలన్నీ శుభ్రం చేయండి. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిచేటప్పుడు చేతికి గ్లౌజు ఉండాలి, తేళ్లూ జెర్రులూ ఉండే చోటు అది.

ఇంజను తిరుగుతోందంటే దాన్ని వెంటనే విప్పకండి. పాత ఆయిలు దించి కొత్తది పోసి, కార్బొరేటరు కడిగి, కొత్త ప్లగ్గు వేసి, వేరే సీసా నుంచి పెట్రోలు పైపు కలిపి ఒకసారి స్టార్టు చేయడానికి ప్రయత్నించాలని నా గట్టి సలహా. అయిదు నిమిషాలు నడిచినా చాలు. పొగ నీలంగా వస్తోందా, కింద క్రాంకు (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) దగ్గర గుద్దుతున్న శబ్దం ఉందా, గేర్లు నాలుగూ పడుతున్నాయా అన్నది తెలుస్తుంది. ఈ అయిదు నిమిషాల సమాచారం లేకుండా విప్పినవారు అవసరం లేని భాగాలు మార్చి, అవసరమైనది వదిలేస్తారు. నేను కూడా రెండో బండికి ఆ తప్పు చేసి గేరుబాక్సు రెండుసార్లు దించాను.

విప్పడం, గుర్తుపెట్టుకోవడం

విప్పడం ఒక పూటలో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో మన జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది కనుక ప్రతి భాగం విప్పేముందు ఫోనుతో మూడు ఫోటోలు తీయండి: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, వెనకవైపు నుంచి ఒకటి. క్లచ్చు వైరు ట్యాంకు కింద ఎటునుంచి పోతుంది, వైరింగు తీగలు స్టీరింగు మెడకు ఏ పక్కన ఉన్నాయి అన్న ప్రశ్నలకు ఆరు నెలల తరువాత జవాబు చెప్పేది ఆ ఫోటోలే. కవర్లకు ఉండే స్క్రూలు ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద ఆ కవరు ఆకారం గీసి, ఏ రంధ్రంలోని స్క్రూను ఆ చోటనే గుచ్చి పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం కేసు పగులుతుంది. చిన్న బోల్టులకు, వాషర్లకు గుడ్ల ట్రేలు చక్కగా పనికివస్తాయి. సంచుల మీద స్కెచ్ పెన్నుతో రాసినది డీజిలు తగిలితే చెరిగిపోతుంది, చీటీ రాసి సంచి లోపల వేయండి.

పాత బుల్లెట్లలో చాలా నట్లు, బోల్టులు బ్రిటిష్ అంగుళాల కొలతలవి. మామూలు మిల్లీమీటరు పానా వాటిమీద కొంచెం వదులుగా కూర్చుంటుంది, గట్టిగా తిప్పితే నట్టు మూలలు గుండ్రం చేసి జారిపోతుంది. విట్‌వర్త్ పానాల సెట్టు ఒకటి రాణిగంజ్ వంటి చోట పాతది కొన్నా సరే, పని మొదలుపెట్టేముందే కొనండి. బిగుసుకున్న బోల్టు మీద ముందురోజు రాత్రి డీజిలు చుక్కలు వేయడం, పొద్దున సుత్తితో తల మీద రెండు దెబ్బలు తట్టడం, విప్పేముందు ఒక వెంట్రుకవాసి బిగించి ఆపైన విప్పడం అలవాటు చేసుకోండి. కుడివైపు టైమింగు కవరు లోపల క్రాంకు చివర ఉండే వార్మ్ నట్టుకు ఎడమ మర ఉంటుంది. సవ్యదిశలో తిప్పితేనే వదులవుతుంది. ఆ సంగతి తెలియక పెద్ద పైపు తగిలించి విరగ్గొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు.

విప్పిన ఏ అసలు భాగాన్నీ పారేయకండి, కొత్తది కొన్నాక కూడా. ఇనుప మడ్‌గార్డు సొట్టలు పడి ఉన్నా, బజారులో దొరికే పలుచని నకలు కన్నా దాని రేకు మందంగా ఉంటుంది, టింకరింగ్ (రేకు సొట్టలు తీసే పని) తెలిసిన మనిషి దాన్ని నిలబెడతాడు. నేను మొదటి బండి అసలు హెడ్‌లైటు కేసును తుప్పు పట్టిందని తూకానికి వేశాను, దానికి సరిజోడు కోసం ఆ తరువాత రెండేళ్లు వెతికాను.

ఇంజను: ఎంతవరకు విప్పాలి

మొదటిసారి చేసేవారు తీసుకోవలసిన పెద్ద నిర్ణయం ఇదే. పైభాగం, అంటే హెడ్డు, సిలిండరు, పిస్టన్ వరకు ఇంటి దగ్గర ఓపికతో చేసుకోగలిగిన పని. కిందిభాగం, అంటే క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు, మెయిన్ బేరింగులు వేరు. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, మళ్ళీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలపాలి, అది సాధనాలున్న అనుభవజ్ఞుడి చేతిలోనే జరగాలి. సిలిండరు తీసిన తరువాత కనెక్టింగ్ రాడ్డును రెండు చేతులతో పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందకీ లాగి చూడండి. పక్కలకు కొంచెం కదలడం సహజమే, కానీ పైకీ కిందకీ ఆట తెలుస్తోందంటే బిగ్ ఎండ్, అంటే రాడ్డు క్రాంకుకు కలిసేచోటి బేరింగు, అరిగింది, కిందిభాగం తెరవక తప్పదు. ఆట లేకపోతే, నడిపి చూసినప్పుడు గుద్దే శబ్దం వినపడకపోతే, కిందిభాగాన్ని అలాగే ఉండనివ్వండి. చేతిలో ఉన్నది కదా అని అన్నీ విప్పడం ధైర్యంగా కనిపిస్తుంది, కానీ బాగున్న చోట కొత్త దోషాన్ని తెచ్చిపెడుతుంది.

సిలిండరు లోపల గోరుతో గీసి చూడండి. గోరుకు తగిలే గీత ఉందంటే బోరింగు, అంటే సిలిండరు లోపలి గోడను కోసి కొంచెం వెడల్పు చేయడం, తప్పదు. బోరింగు షాపుకు వెళ్లేముందే ఓవర్‌సైజు పిస్టన్ కొని, దాన్ని టర్నరు చేతికి ఇచ్చి, ఆ పిస్టన్‌కే సరిపోయేలా బోరు చేయమని చెప్పండి. ‘ముందు బోరు చేసి పెడతాను, పిస్టన్ తరువాత తెచ్చుకోండి’ అన్నచోట చేయించి నేను నష్టపోయాను. పిస్టన్ వదులై, బండి మొదటి రోజు నుంచే చప్పుడు చేసింది, చివరకు ఇంకొక సైజు పైకి వెళ్లవలసి వచ్చింది. ప్రతి బోరింగుకూ సిలిండరు ఆయుష్షు కొంత తగ్గుతుంది కనుక, 0.25 మిల్లీమీటరుతో పోయేచోట 0.50 వేయించకండి. రింగులను పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒక్కొక్కటిగా సిలిండరులో పెట్టి, చివరల మధ్య సందును ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలుచని రేకులతో) చూసుకోవాలి. కొత్త రింగు కదా అని నమ్మి ఎక్కించకూడదు.

హెడ్డులో వాల్వులను రుబ్బించడం ఇంట్లోనే నేర్చుకోదగిన మంచి పని. గ్రైండింగ్ పేస్టు పలుచగా రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ, నాలుగు తిప్పులకొకసారి వాల్వును ఎత్తి చోటు మారుస్తూ పోతే, సీటు మీద బూడిదరంగులో సన్నని వలయం ఎక్కడా తెగకుండా ఏర్పడుతుంది. అప్పుడు వాల్వు పెట్టి పోర్టులో పెట్రోలు పోయండి. పది నిమిషాలకు చుక్క కూడా కారకపోతే పని అయినట్టు.

పుష్‌రాడ్ల, అంటే వాల్వులను తెరిచే పొడవాటి కడ్డీల, సర్దుబాటు గురించి చాలా గందరగోళం ఉంది. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు పైన (రెండు వాల్వులూ మూసి ఉండేచోట) ఉండాలి. సిలిండరు అడుగున కుడివైపు చిన్న మూత తీస్తే రెండు రాడ్ల అడుగు భాగాలు కనిపిస్తాయి. రాడ్డును వేళ్లతో పట్టుకుంటే హాయిగా గుండ్రంగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఏమాత్రం ఆట ఉండకూడదు. లాక్ నట్టు బిగించాక మళ్ళీ తిప్పి చూడండి, బిగించేటప్పుడే అది మారిపోతుంది.

ఆయిలు సంగతి

నిలిచిన బుల్లెట్‌లో ఆయిలు తన చోటున ఉండదు. ఇంజను కేసులోనే ఉన్న ఆయిలు గది నుంచి పంపు సందుల గుండా మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు లేనట్టు కనిపిస్తుంది, అది చూసి పైన ఇంకా పోసినవారికి స్టార్టయిన వెంటనే బ్రీదరు పైపు (ఇంజను లోపలి గాలి బయటికి పోయే పైపు) నుంచి ఆయిలంతా నేల మీదకు కక్కుతుంది. అందువల్ల కింద ఉన్న డ్రెయిను బోల్టులన్నీ విప్పి, పాతది పూర్తిగా దించి, ఫిల్టరు మార్చి, ఆపైన కొత్త 20డబ్ల్యూ-50 ఆయిలు సుమారు రెండుంబావు లీటర్లు కొలిచి పోయండి. పంపులు విప్పి ఉంటే మూతలు పెట్టేముందు వాటి లోపల ఆయిలు నింపండి. కొత్తగా కట్టిన ఇంజనును స్టార్టు చేసేముందు ప్లగ్గు తీసి పాతిక ముప్పైసార్లు కిక్కుతో ఊరికే తిప్పండి. తరువాత స్టార్టయినప్పుడు హెడ్డుకు పోయే సన్నని ఆయిలు పైపు పైబోల్టును అర చుట్టు వదులు చేస్తే, అక్కడ ఆయిలు ఊరుతూ బయటికి రావాలి. రాకపోతే ఆ క్షణమే ఇంజను ఆపేయండి.

ట్యాంకు, కార్బొరేటరు

ట్యాంకు లోపలి తుప్పుకు రెండు గుప్పెళ్ల పాత నట్లు, గొలుసు ముక్క వేసి, పాతబట్టల్లో చుట్టి ఊపడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. ఆ తరువాత సిట్రిక్ ఆమ్లాన్ని, అంటే వంటల్లో వాడే నిమ్మ ఉప్పును, వేడినీళ్లలో కలిపి ఒక రోజు నింపి ఉంచి, పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, పలుచగా ఆయిలు తిప్పండి. ఆరబెట్టడంలో ఒక గంట ఆలస్యమైనా లోపల మళ్ళీ ఎర్రగా పూస్తుంది. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, కార్బొరేటరు రబ్బర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేయండి. నెలల తరబడి నిలపవలసి వస్తే ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేయండి. కార్బొరేటరులో పెట్రోలు కొలతగా పోయే సన్నని రంధ్రమైన జెట్టు మూసుకుంటే తీగతో పొడవకుండా, గాలితోనూ కార్బ్ క్లీనరుతోనూ విడిపించండి. ఇత్తడి మెత్తనిది, ఒక్క గీతతో కొలత మారిపోతుంది.

కరెంటు

ముందుగా బండి 6 వోల్టులదా 12 వోల్టులదా చూసుకోండి, ఆపైన బ్యాటరీ, బల్బులు, హారను కొనండి. తీగలు పై తొడుగు పగిలి ఉంటే అతుకులు వేయకుండా వైరింగు మొత్తం కొత్తది వేయడమే క్షేమం. ట్యాంకు కింద నిప్పురవ్వ పుడితే ఆరు నెలల శ్రమ ఆరు నిమిషాల్లో కాలిపోతుంది. ఫ్యూజు లేని బండికి ఫ్యూజు ఒకటి చేర్చడం అసలు రూపాన్ని చెడగొట్టినట్టు కాదు.

పాయింట్లు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేలా కరెంటును తెంచే చిన్న స్విచ్చు, ఈ బండికి ప్రాణం. వాటి ముఖాలు నల్లబడి గుంటలు పడితే కొత్తవి వేసి, కామ్ పూర్తిగా ఎత్తినచోట సందును 0.35 నుంచి 0.40 మిల్లీమీటరుకు పెట్టండి. సందు సరిచేశాకే టైమింగు చూడాలి, సందు మారితే టైమింగు కూడా మారుతుంది. పాయింట్ల మధ్య సిగరెట్టు పెట్టెలోని పలుచని కాగితం ముక్క ఇరికించి, మెల్లగా లాగుతూ వెనక చక్రంతో ఇంజనును ముందుకు తిప్పండి. కాగితం జారి వచ్చిన క్షణమే పాయింట్లు విడిపోయే క్షణం. అప్పుడు పిస్టన్ పైఅంచుకు ఎంత కింద ఉండాలో మీ మోడలు వర్క్‌షాపు పుస్తకంలో చూసి దానికి సరిచేయండి. కండెన్సరు కొత్తది, నమ్మకమైనది వేయండి, ఇంకొకటి డబ్బాలో ఉంచుకోండి.

ఆగడం

పాత బ్రేకు షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము తెరిచి గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. లైనర్లు కొత్తవి వేయించి, పుల్లలు (స్పోకులు) మార్చి చక్రం సరిచేయించిన తరువాతే డ్రమ్మును లేత్ మీద చూపించండి. పుల్లలు బిగించినప్పుడు డ్రమ్ము గుండ్రదనం మారుతుంది కనుక ముందు చేయించిన పని వృథా అవుతుంది. టైర్లకు గాడులు ఎంత ఉన్నా పాతవి వాడవద్దు. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం: 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. కొత్తదని అమ్మే టైరు మీద కూడా ఆ ముద్ర చూసి కొనండి. కోన్ సెట్టు (స్టీరింగు మెడలోని బేరింగులు), చక్రాల బేరింగులు, బ్రేకు వైర్లు, క్లచ్చు వైరు అన్నీ ఒకేసారి మార్చేయండి, వాటి దగ్గర పొదుపు చేయడం నాకు ఇష్టం లేదు. ఈ బండికి గేర్లు కుడికాలికి, వెనకబ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇప్పటి బండ్లకు అలవాటుపడినవారు కంగారులో గేరునే బ్రేకనుకుని తొక్కుతారు, కనుక మొదటి వారం ఖాళీ మైదానంలోనే నడపండి.

రంగు

బండి నడిచి ఆగిన తరువాత ఒక నెల రంగు లేకుండానే తిప్పండి. ఏదైనా మళ్ళీ విప్పవలసి వస్తే కొత్త రంగు చెడదు. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేయించేవారు నంబరు ఉన్న చోటును టేపుతో కప్పించాలి, లేకపోతే అంకెలు మందపాటి పూత కింద మునిగి తనిఖీలో ఇబ్బంది వస్తుంది. ట్యాంకు సొట్టను లప్పంతో నింపే పెయింటరు కన్నా, ముందు రేకు సరిచేయించి పలుచగా లప్పం పూసే పెయింటరును వెతకండి. మద్రాసు బుల్లెట్ల ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీసినవి. మీ ట్యాంకు మీద అవి ఇంకా నిలిచి ఉంటే, రంగు వెలిసినా సరే వాటిని చెరపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. కొత్త రంగు ఎప్పుడైనా వేయించవచ్చు, కర్మాగారంలో ఎవరో ఊపిరి బిగబట్టి గీసిన ఆ గీత ఒకసారి పోతే మళ్ళీ రాదు.

మొదటి కిక్కు

పెట్రోలు కాక్ తెరిచి, చల్లని ఇంజను కనుక చోక్ వేసి, తాళం తిప్పండి. యాక్సిలరేటరు ముట్టుకోకుండా కిక్కును పాదంతో మెల్లగా నొక్కుతూ అమ్మీటరు (కరెంటు చూపే మీటరు) ముల్లును చూడండి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు ముల్లు ఎడమకు వాలుతుంది, కంప్రెషన్ పైకి వచ్చి పాయింట్లు విడిపోగానే మధ్యకు తిరిగి వస్తుంది. అక్కడ ఆగండి. డీకంప్రెషన్ లివరు (సిలిండరులోని ఒత్తిడిని వదిలేది) నొక్కి కిక్కును ఇంకొక అంగుళం దింపి, లివరు వదిలి, కిక్కును పైదాకా రానివ్వండి. ఇప్పుడు శరీరం బరువంతా వేసి, మధ్యలో ఆపకుండా కిందదాకా ఒక్క తొక్కు తొక్కండి. ఈ వరుస తప్పి పిస్టన్ పైకి రాకముందే తొక్కితే కిక్కు వెనక్కి తన్ని మడమను దెబ్బతీస్తుంది, చెప్పులతో ఎప్పుడూ కొట్టకండి. మా మేనమామకు అప్పటికి డెబ్బైమూడేళ్లు. నేను చెమటలు కక్కుతూ ఎనిమిదిసార్లు కొట్టి ఆగితే, ఆయన నన్ను పక్కకు జరగమని, ముల్లు వైపు చూసి, ఒక్క తొక్కుకు స్టార్టు చేశారు.

బోరింగు చేయించిన ఇంజనును మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటనివ్వకండి, ఒకే వేగంతో ఎక్కువసేపు నడపకుండా పెంచుతూ తగ్గిస్తూ పోండి, వెనక మనిషిని ఎక్కించుకోవద్దు. మొదటి 50 కిలోమీటర్ల తరువాత ఇంజను చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ సరిచూసి, పుష్‌రాడ్లు మళ్ళీ సర్దండి. చక్రాల పుల్లలను పానాతో ఒక్కొక్కటి తట్టి వినండి, వదులైనది మొద్దుగా పలుకుతుంది. 500 కిలోమీటర్లకు ఆయిలు వేడిగా ఉండగానే దించి, తెల్లని పళ్లెంలో పోసి ఎండలో చూడండి. సన్నని మెరుపు పొడి రింగులు కుదురుకుంటున్నందుకు వస్తుంది, దానితో కంగారు పడనక్కరలేదు. వేళ్లకు తగిలే రేకు ముక్కలు కనిపిస్తే మాత్రం కొత్త ఆయిలు పోయకుండా, బండిని అక్కడే నిలిపి, కిందిభాగం చేసే మేస్త్రీని పిలవండి.